మెడకు విప్‌లాష్ దెబ్బ, ప్రమాద పరిహారం: తరచుగా అడిగే ప్రశ్నలు

వెనక నుంచి బండి గుద్దినప్పుడు మెడకు తగిలే దెబ్బ బయటికి కనిపించదు. రక్తం రాదు, ఎముక విరగదు, ఎక్స్‌రే శుభ్రంగా వస్తుంది. అందుకే పోలీసులు, ఇన్సూరెన్స్ వాళ్లు, ఇంట్లోవాళ్లు, చివరికి దెబ్బ తగిలినవాళ్లు కూడా దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. దాంతో వైద్యం ఆలస్యమవుతుంది, రావాల్సిన పరిహారమూ చేజారుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జరిగే ప్రమాదాలను దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాను. విదేశాల్లో ఉన్నవాళ్ల ప్రశ్న చివర్లో ఉంది.

విప్‌లాష్ అంటే ఏంటి? మెడ లోపల ఏం జరుగుతుంది?

సంక్రాంతి ముందు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర క్యూలో ఆగి ఉన్నారనుకోండి. వెనక కారు బ్రేకు ఆలస్యంగా వేసి మీ కారును గుద్దింది. సీటు మీ వీపును ఒక్కసారిగా ముందుకు తోస్తుంది, తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ క్షణంలో మెడ కింది భాగం వెనక్కి, పై భాగం ముందుకు వంగుతాయి. వెంటనే తల వెనక్కి వెళ్లి హెడ్‌రెస్ట్‌కు కొట్టుకుని మళ్లీ ముందుకు ఊగుతుంది. ఇదంతా అర సెకను కూడా పట్టదు. కండరాలు బిగబట్టి మెడను కాపాడుకునేంత వ్యవధి ఉండదు కాబట్టి కండరాలు, లిగమెంట్లు, వెన్నుపూసల వెనక ఉండే చిన్న కీళ్లు సాగి దెబ్బతింటాయి.

ఇక్కడే ఒక మాట. మన కార్లలో హెడ్‌రెస్ట్‌ను తల వాల్చుకునే దిండులా చూసి కిందికి దించేస్తాం. దాని పై అంచు మీ తల పై భాగానికి సమంగా ఉండాలి, తల వెనక వీలైనంత దగ్గరగా ఉండాలి. మెడ దగ్గర ఆగిపోయిన హెడ్‌రెస్ట్ గుద్దుకున్నప్పుడు కాపాడదు. ఈరోజే కారులో కూర్చుని సరిచూసుకోండి, వెనక సీట్లవి కూడా.

గుద్దినప్పుడు ఏమీ అనిపించలేదు. మర్నాడు పొద్దున మెడ తిప్పలేకపోయాను. ఇది ప్రమాదం వల్లేనా?

చాలామందికి ఇలాగే వస్తుంది. ప్రమాదం జరిగిన కంగారులో శరీరం నొప్పిని పట్టించుకోదు. వాపు, కండరాల బిగుతు గంటల తర్వాత మొదలవుతాయి, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లోపు బయటపడతాయి. మెడ పట్టేయడం, తల వెనక నుంచి పైకి పాకే తలనొప్పి, భుజాల మధ్య లాగడం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చేయి తిమ్మిరెక్కడం వంటివి కనిపిస్తాయి.

నొప్పి మొదలైన రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఫలానా రోజు, ఫలానా చోట, వెనక నుంచి కారు గుద్దిందని చెప్పి అదే మాట ఓపీ చీటీ మీద రాయించుకోండి. ఉత్తి ‘మెడ నొప్పి’ అని రాసిన చీటీకీ, ‘రోడ్డు ప్రమాదం తర్వాత మెడ నొప్పి’ అని తేదీతో రాసిన చీటీకీ రెండేళ్ల తర్వాత కోర్టులో చాలా తేడా ఉంటుంది. మందుల షాపులో మాత్రలు కొనుక్కుని పది రోజులు నెట్టుకొస్తే ఆ పది రోజుల నొప్పికి సాక్ష్యమే ఉండదు.

ఏ లక్షణాలుంటే క్షణం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి?

చేతులు లేదా కాళ్లు బలం తప్పడం, నడక తూలడం, మూత్రం లేదా మలం మీద అదుపు పోవడం, ఆగని వాంతులు, స్పృహ తప్పడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడటం. వయసు 65 దాటినవాళ్లు, మెడ ఎముక మీద నొక్కితే గట్టిగా నొప్పి పుట్టేవాళ్లు కూడా ఆగకూడదు. అలాంటప్పుడు మెడ కదపకుండా ఉంచి 108కు ఫోన్ చేయండి. 2025 మేలో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు, నిర్దేశించిన ఆస్పత్రుల్లో, ప్రమాదం జరిగిన 7 రోజుల వరకు 1.5 లక్షల రూపాయల పరిమితితో వైద్యం అందుతుంది. అడ్మిషన్ దగ్గరే దాని గురించి అడగండి.

ఎక్స్‌రే నార్మల్ అన్నారు. అంటే దెబ్బ లేనట్టేనా?

కాదు. ఎక్స్‌రే ఎముకలను చూపిస్తుంది. సాగిన కండరం, లిగమెంట్ అందులో పడవు. ఎంఆర్‌ఐలో కూడా చాలాసార్లు ఏమీ తేలదు. 1995లో కెనడాలోని క్యూబెక్ నిపుణుల బృందం ఇచ్చిన వర్గీకరణను డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు. నొప్పి, బిగుతు మాత్రమే ఉంటే మొదటి గ్రేడు. డాక్టర్ పరీక్షలో మెడ కదలిక తగ్గినట్టు, నొక్కితే నొప్పి ఉన్నట్టు తేలితే రెండోది. నరాల లక్షణాలు కనిపిస్తే మూడోది. ఎముక విరిగినా, జారినా నాలుగోది. ఎక్కువ మంది మొదటి రెండింటిలోనే ఉంటారు. కాబట్టి మీ విషయంలో అసలు సాక్ష్యం డాక్టర్ చేత్తో పరీక్షించి రాసిన మాటలే. మెడ ఎడమకు ఎంత తిరుగుతోంది, కుడికి ఎంత తిరుగుతోంది, చేతి పట్టు ఎలా ఉంది అన్నవి రాయమని మర్యాదగా అడగండి. అడిగితే రాస్తారు.

ఎన్నాళ్లకు తగ్గుతుంది? కాలర్ వేసుకోవాలా?

ఎక్కువ మందికి కొన్ని వారాల నుంచి మూడు నెలల్లోపు బాగా తగ్గుతుంది. కొందరికి నెలలు, ఏళ్లు సాగుతుంది. మొదట్లోనే నొప్పి బాగా తీవ్రంగా ఉన్నవాళ్లలో అలా సాగే అవకాశం ఎక్కువ. ఎముక, నరాలకు ప్రమాదం లేదని డాక్టర్ తేల్చాక మెల్లగా మెడ కదిలించడం, ఫిజియోథెరపిస్ట్ చెప్పిన వ్యాయామాలు చేయడం, రోజువారీ పనులకు తిరిగి వెళ్లడం మంచిది. వారాల తరబడి కాలర్ పెట్టుకుంటే కండరాలు బలహీనపడి నొప్పి ముదురుతుంది. డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడండి. కోర్టులో చూపించడానికని కాలర్ తగిలించుకుని తిరగొద్దు. మెడకూ మంచిది కాదు, కేసుకూ మంచిది కాదు.

సెలూన్‌లో కటింగ్ అయ్యాక మెడ పట్టుకుని టక్కుమనిపిస్తారే, దాని దరిదాపులకు వెళ్లొద్దు. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు మెడలోంచే వెళ్తాయి. దెబ్బతిన్న మెడను విసురుగా తిప్పితే ఆ ధమని గోడ చిరిగి పక్షవాతం వచ్చే ముప్పుంది. విరిగిన ఎముకలకు నాటువైద్యులు వేసే పుత్తూరు కట్టు మీద చిత్తూరు జిల్లాలోనూ, తమిళనాట కూడా జనానికి తరతరాల నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ మెడ చేయి, కాలు లాంటిది కాదు, లోపల వెన్నుపాము ఉంది. మెడ విషయంలో ముందు ఆర్థోపెడిక్ డాక్టర్ చూడాల్సిందే.

గుద్దినాయన మంచివాడు. రెండు వేలు చేతిలో పెట్టి, కేసు వద్దంటున్నాడు. ఏం చేయాలి?

మంచివాడే కావచ్చు. ఆయన మీద కోపంతో కేసు పెట్టమని చెప్పడం లేదు. పరిహారం ఇచ్చేది దాదాపు ఎప్పుడూ ఆయన జేబు కాదు, ఆయన బండి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. ఆ ప్రీమియం కట్టేదే ఇందుకు. మీ మెడ నొప్పి ఎంతకాలం ఉంటుందో ఆ సాయంత్రం రోడ్డు మీద ఎవరికీ తెలియదు. తెలియని నష్టానికి రాజీ కాగితం మీద సంతకం పెట్టొద్దు.

బండి నంబర్ కనిపించేలా, రెండు బండ్లూ ఆగి ఉన్న తీరు తెలిసేలా ఫొటోలు తీయండి. డ్రైవర్ లైసెన్స్, ఆర్సీ, ఇన్సూరెన్స్ ఫొటో తీసుకోండి. ఇవ్వనంటే ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉందో కనిపిస్తుంది. టోల్‌ప్లాజా దగ్గర జరిగితే సీసీటీవీ ఫుటేజీ భద్రపరచమని ఆ రోజే రాతపూర్వకంగా అడగండి. పాత ఫుటేజీ చెరిగిపోతూ ఉంటుంది.

నాలుగు రోజుల తర్వాత స్టేషన్‌కు వెళ్తే, ‘ఇన్ని రోజులు ఏం చేశావ్’ అంటున్నారు.

నొప్పి ఆలస్యంగా వచ్చిందనే కారణాన్ని ఫిర్యాదులోనే రాయండి, ఓపీ చీటీ జత చేయండి. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్‌ను కొట్టేయకూడదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పరిధి మాది కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. అయినా తీసుకోకపోతే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి లేదా కమిషనర్‌కు పంపి రసీదు దాచుకోండి.

2022 నిబంధనల ప్రకారం పోలీసులు ప్రమాదం గురించి 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునల్‌కు ఇవ్వాలి. ఆ నివేదికనే క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకునే వీలు కూడా చట్టంలో ఉంది. కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, మీ పిటిషన్ మీరు వేయండి.

ఆస్పత్రి ఇచ్చే గాయాల ధ్రువపత్రంలో (వూండ్ సర్టిఫికెట్) ‘సింపుల్’ అని రాశారు. నా కేసు పోయినట్టేనా?

ఈ ఒక్క పదం చాలామందిని వెనక్కి పంపేస్తోంది. ఎముక విరగలేదు కాబట్టి మొదటి రోజు డాక్టర్ స్వల్ప గాయం అని రాస్తారు. కానీ చట్టంలో తీవ్ర గాయం అంటే విరిగిన ఎముక ఒక్కటే కాదు. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం, 15 రోజుల పాటు తీవ్రమైన శారీరక బాధ కలిగించినా, అన్నాళ్లు మామూలు పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయమే. పాత ఐపీసీలో ఇది 20 రోజులు ఉండేది. మొదటి రోజు చూసిన డాక్టర్‌కు పదిహేనో రోజు సంగతి తెలిసే అవకాశం లేదు. అందుకే రెండో వారం, మూడో వారం కూడా డాక్టర్‌కు చూపించుకోవాలి, సెలవు సర్టిఫికెట్ తీసుకోవాలి, ఆ కాగితాలు దర్యాప్తు అధికారికి ఇవ్వాలి.

దీనికి ఇంకో ప్రయోజనం ఉంది. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద తీవ్ర గాయమైతే తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే 2.5 లక్షలు అడగవచ్చు. గుద్ది పారిపోయిన బండి ఆచూకీ దొరకకపోతే తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. ఇక 166వ సెక్షన్ కింద వేసే మామూలు క్లెయిమ్‌లో ట్రైబ్యునల్ సర్టిఫికెట్‌లోని పదాన్ని కాక జరిగిన నష్టాన్ని చూస్తుంది. స్వల్ప గాయానికి కూడా పరిహారం ఉంది.

పరిహారం ఎవరు ఇవ్వాలి? నేను బస్సులో, లేదా మా బావ కారులో ఉంటే?

తప్పు చేసిన బండి డ్రైవర్, యజమాని, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేరుస్తారు. మూడు కార్లు వరసగా గుద్దుకుంటే చివరి కారు ఒక్కదాని తప్పేనా, మధ్య కారు కూడా దూరం పాటించలేదా అన్నది మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) నివేదిక, ఫొటోలను బట్టి తేలుతుంది. అనుమానం ఉంటే రెండు బండ్లనూ చేర్చడం క్షేమం.

ఆర్టీసీ బస్సు సడన్ బ్రేక్ వేసి మీ మెడకు దెబ్బ తగిలితే టికెట్ పారేయకండి. సంస్థ సొంత బస్సయితే ఆర్టీసీయే చెల్లించాలి. అద్దె బస్సయితే దాని ఇన్సూరెన్స్ కంపెనీని కూడా చేర్చాలి.

మీ బావ నడుపుతున్న కారును వెనక నుంచి ఇంకొకరు గుద్దితే చిక్కు లేదు, గుద్దిన బండి ఇన్సూరెన్స్ ఇస్తుంది. తప్పు బావదే అయితే ఆయన పాలసీ ఎలాంటిదో చూడాలి. సొంత బండి నష్టాన్ని కూడా భరించే ప్యాకేజీ పాలసీలో కారులో కూర్చున్నవాళ్లకు, బైక్ వెనక కూర్చున్నవాళ్లకు కవరేజీ ఉంటుంది. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీలో ఉండదు. వాళ్లు తెలిసినవాళ్లే కదా అని నోటీసు పంపడానికి మొహమాటపడేవాళ్లున్నారు. ప్యాకేజీ పాలసీ ఉంటే డబ్బు బావ ఇవ్వడు, కంపెనీ ఇస్తుంది. ముందే ఆ మాట చెప్పేస్తే బంధుత్వమూ నిలుస్తుంది.

ఎంత రావచ్చు?

విప్‌లాష్‌కు ఇంత అని మన దేశంలో రేటు లేదు. ఏయే పద్దుల కింద అడగాలో 2010లో రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వైద్యం, మందులు, ప్రయాణం, పోషకాహారం ఖర్చులు, పనికి వెళ్లలేని రోజుల సంపాదన, ముందు ముందు కావాల్సిన వైద్యం, బాధ, వేదన, జీవితంలో కోల్పోయిన సౌకర్యాలు, శాశ్వత వైకల్యం ఉంటే భవిష్యత్తు సంపాదనలో తగ్గుదల. ఆరు వారాల్లో తగ్గిపోయిన మెడ నొప్పికి చివరి పద్దు వర్తించదు. మిగిలినవి వర్తిస్తాయి.

నొప్పి శాశ్వతంగా మిగిలితే లెక్క మారుతుంది. ఉదాహరణకు 34 ఏళ్ల టైలర్, నెలకు 20,000 సంపాదన. మెడ వంచి మిషన్ మీద ఎక్కువసేపు కూర్చోలేకపోవడం వల్ల సంపాదించే శక్తి 5 శాతం తగ్గిందని ట్రైబ్యునల్ నమ్మిందనుకోండి. ఏడాది సంపాదన 2,40,000. 40 ఏళ్లలోపు స్వయం ఉపాధి కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 3,36,000. ఏడాది సంపాదనను ఎన్ని రెట్లు చేయాలో వయసును బట్టి చెప్పే అంకె, అంటే మల్టిప్లయర్, ఆ వయసుకు 16. గుణిస్తే 53,76,000. అందులో 5 శాతం, అంటే 2,68,800 రూపాయలు ఈ ఒక్క పద్దు కింద వస్తాయి.

ఇక్కడ చూడాల్సింది డాక్టర్ ఇచ్చిన వైకల్య శాతం కాదు, అది మీ పని మీద చూపే ప్రభావం. అదే మెడ నొప్పి లారీ డ్రైవర్‌కు, తాపీమేస్త్రికి ఎక్కువ నష్టం చేస్తుంది. మీ పనిలో మెడ ఎలా వాడతారో సాక్ష్యంలో చెప్పాలి. టైలర్ అయితే రోజుకు ఎన్ని జాకెట్లు కుట్టేవారు, ఇప్పుడు ఎన్ని కుడుతున్నారు, ఏ గంటకు లేచి పడుకోవాల్సి వస్తోంది అన్నవి చెబితే జడ్జిగారి కళ్లకు కడుతుంది. ఆర్డర్ల పుస్తకం ఉంటే పట్టుకెళ్లండి.

ఏయే కాగితాలు దాచుకోవాలి?

ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీట్, ఎంవీఐ నివేదిక, వూండ్ సర్టిఫికెట్, ఓపీ చీటీలు, స్కాన్‌లు, ఫిజియోథెరపీ సెంటర్ బిల్లులు. తెల్లకాగితం మీద రాసిచ్చిన బిల్లు నిలబడదు, పేరు, తేదీ, రసీదు నంబర్ ఉండాలి. ఉద్యోగులైతే జీతం సర్టిఫికెట్, సెలవుల వివరాలు. వ్యాపారులైతే ఐటీ రిటర్నులు. వైకల్య సర్టిఫికెట్ కావాలంటే మీకు వైద్యం చేసిన డాక్టర్‌దో, ప్రభుత్వ మెడికల్ బోర్డుదో తీసుకోండి, సాక్ష్యం చెప్పడానికి వస్తారో లేదో ముందే కనుక్కోండి. మిమ్మల్ని ఎన్నడూ చూడని డాక్టర్ కేసు కోసం ఇచ్చిన కాగితాన్ని అనుమానంగా చూడాలని సుప్రీంకోర్టే ట్రైబ్యునళ్లకు చెప్పింది.

ఎక్కడ, ఎప్పటిలోగా వేయాలి?

ప్రమాదం చౌటుప్పల్‌లో జరిగినా మీరుండేది విజయవాడ అయితే విజయవాడలోనే వేసుకోవచ్చు. జిల్లా కోర్టుల్లో ఉండే మోటారు ప్రమాద క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో వేసే ఈ పిటిషన్‌ను ఎంవీఓపీ అంటారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు పిటిషన్ వేయాలి. ఆ గడువు చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో సవాళ్లున్నాయి. గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం కూడా ఇచ్చింది. ఆలస్యమైనవాళ్లు ఆశ వదులుకోనక్కర్లేదు. ఇప్పుడే దెబ్బ తగిలినవాళ్లు మాత్రం 6 నెలలనే లెక్కలో పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ లాయర్ ‘బంపర్‌కు గీత కూడా పడలేదు, మీకు ముందే స్పాండిలోసిస్ ఉంది’ అంటే?

బంపర్ చెక్కుచెదరకపోవడం మెడకు దెబ్బ తగల్లేదనడానికి రుజువు కాదు. తక్కువ వేగంలో గుద్దినా తల, మొండెం వేర్వేరుగా కదిలితే చాలు. ఇక స్పాండిలోసిస్, అంటే వయసుతో వచ్చే మెడ ఎముకల అరుగుదల. నలభై దాటిన చాలామంది ఎంఆర్‌ఐలో డిస్క్ అరుగుదల కనిపిస్తుంది, వాళ్లలో ఎందరికో నొప్పే ఉండదు. ప్రమాదానికి ముందు మీరు మెడ కోసం వైద్యం చేయించుకోలేదు, పని మానలేదు, తర్వాతే ఇవి మొదలయ్యాయి అన్నది చూపించాలి. ముందు నొప్పి ఉండి ఉంటే దాచొద్దు. ‘అప్పుడు నెలకోసారి వచ్చేది, ఇప్పుడు రోజూ ఉంటోంది’ అని నిజం చెప్పండి. పెరిగిన నొప్పికి కూడా పరిహారం అడగవచ్చు. అబద్ధం ఒక్కటి పట్టుబడితే మిగతా నిజాలన్నీ మునుగుతాయి.

లోక్ అదాలత్‌లో రాజీ పడటం మంచిదా?

చికిత్స పూర్తయి ఖర్చెంతో తేలిపోయిన చిన్న క్లెయిమ్‌కు మంచిదే. త్వరగా తేలుతుంది. కానీ అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు. నొప్పి ఇంకా సాగుతుంటే తొందరపడొద్దు. ట్రైబ్యునల్ తీర్పు నచ్చకపోతే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లవచ్చు, వివాదం లక్ష రూపాయల లోపు అయితే మాత్రం ఆ వీలు లేదు.

లాయర్‌కు వచ్చినదాంట్లో వాటా ఇవ్వాలా?

గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ఫీజు ఎంతో ముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకోండి. ఖాళీ చెక్కుల మీద, ఖాళీ వకాలత్ మీద సంతకాలు వద్దు. ఆస్పత్రి మంచం దగ్గరికే వచ్చి ‘కేసు మేం చూసుకుంటాం’ అనేవాళ్లకు ఒరిజినల్ కాగితాలు ఇవ్వకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.

మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉంటున్నాడు. అక్కడా ఇలాగేనా?

అక్కడ పద్ధతి వేరు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 మే 31 నుంచి విప్‌లాష్‌కు ప్రభుత్వమే రేట్లు పెట్టింది. 2025 మే 31 నుంచి జరిగిన ప్రమాదాల్లో మూడు నెలల్లోపు తగ్గిన దెబ్బకు 275 పౌండ్లు, 18 నుంచి 24 నెలలు సాగితే 4,830 పౌండ్లు. జీతం నష్టం, వైద్యం ఖర్చు వేరుగా అడగవచ్చు. చిన్న క్లెయిమ్‌లను అఫీషియల్ ఇంజురీ క్లెయిమ్ పోర్టల్‌లో లాయర్ లేకుండా వేసుకోవచ్చు. వైద్య నివేదిక రాకముందే బేరం కుదుర్చుకోవడం అక్కడ నిషిద్ధం. మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది.

అమెరికాలో రాష్ట్రానికో చట్టం. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో గాయాల దావాకు సాధారణ గడువు రెండేళ్లు. న్యూజెర్సీలో వైద్య ఖర్చును ముందు సొంత ఆటో పాలసీయే భరిస్తుంది. అవతలి ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిమ్ చూసే ఉద్యోగి (అడ్జస్టర్) మొదటి వారంలోనే ఫోన్ చేసి చెక్కు పంపుతానంటే, దానితో పాటు వచ్చే, ఇక ఏమీ అడగనని రాసిచ్చే రిలీజ్ ఫారం మీద సంతకం పెట్టాక మళ్లీ అడిగే దారి దాదాపు ఉండదు. మెడ కుదుటపడి, డాక్టర్ నివేదిక చేతికొచ్చేదాకా ఆ ఫారం పక్కన పెట్టమనండి.